ఎద్దు తోక లేపితే

నా చిన్నప్పుడు మా అబ్బ నాకొక మాటిచ్చాడు. కళ్లంలో ఎద్దుల పగ్గం నా చేతికిస్తానన్నాడు. మా వైపు తాతను అబ్బ అంటాం. పత్తికొండకు దగ్గర్లో ఉన్న మా పల్లెలో మా అబ్బ మాటంటే మాటే, దానికి తిరుగులేదు. అలాంటి మనిషి ఇచ్చిన మాట ఒక్కటంటే ఒక్కటి తీరకుండా ఉండిపోయింది, అది నాకిచ్చిందే. ఇప్పుడు నాకు అరవై ఏడేళ్లు. ఆ పగ్గం చివరికి ఏ దేశంలో, ఎవరి కళ్లంలో నా చేతికొచ్చిందో చెప్తే మా వీధిలో వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వనీ. నాకు మాత్రం చెప్పేకొద్దీ హుషారు పెరుగుతోందే గాని తగ్గడం లేదు.

మా నాయన కర్నూలులో చిన్న ఉద్యోగం చేసేవాడు. నేను అక్కడే బడికి పోయేదాన్ని. దసరా సెలవులు ఇవ్వడం ఆలస్యం, నన్ను తెచ్చి పల్లెలో దించేవాడు. ఆ ఏడు నాకు తొమ్మిదేళ్లు. వానలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా మొక్కుబడికి వచ్చి పోయాయి. చేలో కొర్ర అంతంత మాత్రంగా పండింది. ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినాల్సింది ఆ కొర్రే కాబట్టి, ఆ సారి కళ్లంలో ఒక్కో గింజా అందరికీ ప్రాణంతో సమానంగా ఉండింది.

కోసిన కంకుల్ని కళ్లంలో మందంగా పరిచి, నడుమ పాతిన గుంజకు ఎద్దుల్ని వరసగా కట్టి, గుండ్రంగా తిప్పి తొక్కించేవాళ్లు. దాన్ని బంతి తోలడం అనేవాళ్లు. వెనక నడుస్తూ పగ్గం పట్టుకుని ఎద్దుల్ని అదిలించే మనిషే ఆ పూటకు రాజు. నాకు ఆ రాజరికం కావాలి. బస్సులో కర్నూలు నుంచి వచ్చినంతసేపూ నేను అవే కలలు కన్నాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, లేని ఎద్దుల్ని హై హై అని అదిలించి, పక్కనున్న ముసలామె చేత తిట్లు కూడా తిన్నాను.

అయితే కళ్లంలో పిల్లల పని వేరే ఉంది. తిరిగే ఎద్దులు ఊరికే తిరగవు కదా, పేడ వేస్తాయి. అది గింజ మీద పడకముందే పట్టుకోవాలి. తోక లేవగానే రెండు చేతుల్లో ఇంత గడ్డి పెట్టుకుని పరుగెత్తి, ఎద్దు వెనక దోసిలి పట్టి, పడినదాన్ని తీసుకెళ్లి గట్టు అవతల వేసి రావాలి. మా పల్లె పిల్లలకు అది పనే కాదు, ఆట. పోటీలు పడి పట్టేవాళ్లు. నాకేమో చూస్తేనే రోత పుట్టింది. కర్నూలులో కుట్టించిన కొత్త గౌను వేసుకుని, ముక్కు మూసుకుని, దూరంగా గట్టు మీద కూర్చున్నాను. పట్నం పాప, పట్నం పాప అని పిల్లలంతా ఎగతాళి చేశారు. మా అవ్వ కూడా నన్ను చూసి మూతి మూడు వంకర్లు తిప్పింది.

మా అబ్బ మాత్రం మర్నాడు పొద్దున్నే పిల్లల్నందరినీ చెనిక్కాయలు ఏరుకు రమ్మని ఇంకో చేలోకి తోలేశాడు. పగ్గం మా చిన్నాయన చేతికిచ్చాడు. తర్వాత కండ్లు నులుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"పాపా, నాకు ఈ పొద్దు కండ్లు సరిగా ఆనడం ల్యాదు. తోక లేస్తాండాదో ల్యాదో తెలియడం ల్యాదు. నువ్వు ఈడ కూచొనే చూసి చెప్పు, సాలు. నువ్వేం ముట్టొద్దు, నేనే పడతా."

చూసి చెప్పడానికి నాకేం నొప్పి. సరేనన్నాను. ఎలా కనిపెట్టాలో కూడా ఆయనే చెప్పాడు. ఎద్దు ముందు అడుగు నిదానిస్తుంది. తర్వాత నడుము కొంచెం వంచుతుంది. తోక మొదట్లో చిన్నగా పక్కకు జరుగుతుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది. ఆ జరగడాన్ని కనిపెట్టినవాడికి టైం దొరుకుతుంది, లేచేదాకా చూసినవాడికి పేడే దొరుకుతుంది. నేను కండ్లు చిట్లించి ఆ తోకల్నే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ముక్కు మీంచి చెయ్యి ఎప్పుడు తీసేశానో నాకే తెలియదు.

మొదటిసారి నేను అరిచేసరికి అబ్బ తడుముకుంటూ లేచి, తడుముకుంటూ నడిచి, చేరేలోపల పేడ గింజ మీద పడిపోయింది. ఆయన వంగి, చుట్టూ ఉన్న కంకులతో సహా దోసెడు ఎత్తి అవతల పారేశాడు. "ఒకరి పూట సంగటి పాయ," అన్నాడు నిమ్మళంగా. నాకు ప్రాణం చివుక్కుమంది. రెండోసారి ఇంకా ముందే అరిచాను. ఈసారి ఆయన ఏకంగా వేరే ఎద్దు వెనక్కి పోయి నిలబడ్డాడు! అది కాదబ్బా, ఆ పక్కది, ఎర్రది అని నేను గట్టు మీద గంతులు వేస్తూనే ఉన్నాను, ఇంకో పూట సంగటి పోనే పోయింది. ఇక నావల్ల కాలేదు. మూడోసారి ఎర్ర ఎద్దు నడుము వంచడం చూశాను, అంతే. అరవలేదు. గడ్డి ఎప్పుడు తీసుకున్నానో, ఎప్పుడు దూకానో గుర్తు లేదు. వెచ్చగా, బరువుగా నా దోసిట్లో పడింది. ఒక్క గింజ కూడా పాడు కాలేదు.

నాకేమీ కాలేదు. అదే నాకు ఆశ్చర్యం. పట్టినా, పట్టినా అని కేకలు వేస్తూ కళ్లం చుట్టూ పరుగెత్తాను, చేతిలో దాన్ని పారేయాలన్న సంగతి కూడా మరిచిపోయి. మా చిన్నాయన పగ్గం వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. కళ్లం నేలంతా పేడతోనే అలికారు కదా, మరి దాని మీద ఇంత పేడ పడితే ఏమవుతుందని అడిగాను. అబ్బ నా చేతుల మీద కుండలోంచి నీళ్లు పోస్తూ చెప్పాడు.

"అలికింది నేల పాపా. ఇది నోట్లోకి పొయ్యేది. చేతికి అంటితే కడుక్కుంటే పోతాది. గింజలో పడితే కడిగినా పోదు."

ఆ రోజంతా ఆ పని నాదే. పిల్లలు తిరిగొచ్చినా ఒక్కరినీ దగ్గరికి రానివ్వలేదు. గౌను సంగతి చెప్పకపోవడమే మంచిది. మధ్యాహ్నం చల్ల పోసుకుని కొర్రన్నం తింటుంటే అబ్బే అన్నాడు, పొద్దు వాలినాక పగ్గం నీకే ఇస్తానని. పక్క చేని రైతొకాయన కళ్లం దగ్గరికొచ్చి ఈ మాట విని నొసలు చిట్లించాడు.

"ఆడపిల్ల చేతికి పగ్గమేందప్పా?"

"ఎనక ఉండేది ఆడో మొగో ఎద్దుకేం ఎరుక? అది ఎనిక్కి తిరిగి చూస్తాదా ఏంది?" అన్నాడు మా అబ్బ.

పొద్దు వాలింది. నేను చేతులు కడుక్కుని తయారుగా నిలబడ్డాను. అబ్బ దారి వైపు చూసి, "మీ నాయన వస్తాండాడు. సైకిలు ఎనక సంచి గూడా ఉండాది," అన్నాడు. నేను చూస్తే నాకు దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. ఆ దుమ్ములోంచి, పత్తికొండలో బస్సు దిగి మా నాయన బాడుగకు తెచ్చుకున్న సైకిలు బయటపడి, దాని వెనక సంచి కనపడడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు వెలిగింది నాకు.

"అబ్బా! నీకు కండ్లు ఆనవంటివే?"

"పొద్దున ఆనల్యా. ఇప్పుడు ఆనుతాండాయి," అన్నాడు, మీసాల్లో నవ్వుకుంటూ.

ఆ మోసానికి కోపం తెచ్చుకునే టైం కూడా దొరకలేదు. పడమట మబ్బు కమ్మేసింది. కళ్లంలో గింజ ఉండగా వాన వస్తే ఇక చెప్పేదేముంది. ఎద్దుల్ని విప్పేశారు. అందరూ పరుగులు పెట్టి గింజను కుప్ప చేసి గడ్డి కప్పారు. ఆ రాత్రి పట్టిన వాన మర్నాడు కూడా విడవలేదు. సెలవులు అయిపోయి మా నాయన నన్ను తీసుకుపోతుంటే, అబ్బ వాకిట్లో తడుస్తూ నిలబడి, వచ్చే ఏడు పగ్గం నీదే పో అన్నాడు. వచ్చే ఏడు అసలు వానే రాలేదు. మేత లేక ఎద్దుల్ని సంతకు తోలేశారు. ఆ మరుసటేడు అబ్బే లేడు. తర్వాత్తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. కొర్రను తారు రోడ్డు మీద పరిస్తే బస్సులే తొక్కిపోతున్నాయి. ఎద్దులూ లేవు, పగ్గాలూ లేవు, పగ్గం ఇస్తానన్న మనిషీ లేడు.

మాట తీరలేదు గాని, ఆ దోసెడు పేడ నన్ను జీవితమంతా కాపాడింది. వేంపల్లెలో టీచరుగా ఉన్నన్ని ఏళ్లూ, క్లాసులో ఏ పిల్లో వాంతి చేసుకుంటే మిగతావాళ్లు వెనక్కి జరిగేవాళ్లు, నా చేతులు ముందుకు పోయేవి. మా అత్త చివరి రోజుల్లో మంచాన పడితే ఆమె పనులన్నీ చేశాను. నేనేదో గొప్పదాన్నని కాదు. చేతికి అంటింది కడుక్కుంటే పోతుందని నాకు తొమ్మిదేళ్లకే తెలిసిపోయింది, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా తమ్ముడు ఇథియోపియాలో ఒక కాలేజీలో పాఠాలు చెప్తాడు. మన జిల్లాల నుంచి చాలామంది పంతుళ్లు అలా వెళ్లారు. పోయిన డిసెంబరులో, ఒక్కసారి వచ్చి చూడక్కా అని టికెట్టు పంపాడు. నేను జన్మలో విమానం ఎక్కలేదు. ఊర్బిండి పచ్చడి, నువ్వుల పొడి, రెండు గద్వాల చీరలు సర్దుకుని ఎక్కేశాను. తమ్ముడితో పని చేసే ఆ దేశపు మాస్టరు ఒకాయన, తన అమ్మానాన్నలు పల్లెలో వ్యవసాయం చేస్తారని, నన్ను తప్పకుండా తీసుకురావాలని పట్టుబట్టాడు. పొద్దున్నే జీపులో కొండలెక్కి బయలుదేరాం. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. గద్వాల చీర మీద తమ్ముడి స్వెట్టరు వేసుకున్నాను. చూడ్డానికి ఎలా ఉన్నానో దేవుడికే తెలియాలి.

ఇల్లు దగ్గర పడుతుండగానే నాకు వినపడింది, ఎద్దుల్ని అదిలించే కేక. భాష వేరు, కేక మాత్రం అదే! మలుపు తిరిగితే ఎదురుగా కళ్లం. పేడతో అలికిన గుండ్రటి నేల, దాని మీద పరిచిన పైరు, మెడలు కలిపి కట్టిన ఎద్దులు గుండ్రంగా తిరుగుతున్నాయి. వెనక ఒక పెద్దాయన, చేతిలో పగ్గం. జీపు ఆగకముందే తలుపు తీయబోయాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

వాళ్లది టెఫ్ అనే పంట. గింజ మన కొర్రకన్నా సన్నం, ఊదితే ఎగిరిపోయేంత. దాని పిండి పులియబెట్టి మన దోసెలాగే, కాకపోతే చాప అంత పెద్దగా పోస్తారు. వాళ్లు మర్యాదలో మనల్ని మించిపోయారు. మమ్మల్ని నీడలో చాప వేసి కూర్చోబెట్టి, ముందు పచ్చగడ్డి పరిచి, మా ఎదురుగానే కాఫీ గింజలు వేయించి, దంచి, కాచారు. ఆ ఇంటి పెద్దమ్మ, అంటే మాస్టరు వాళ్లమ్మ, కోడలు, ఆడవాళ్లంతా మా చుట్టే. మంచి వాసన, మంచి కాఫీ. కానీ నా కళ్లు కప్పులో ఉంటే కదా! మెడ తిప్పి తిప్పి కళ్లం వైపే చూస్తున్నాను.

"రేయ్, నన్నొకసారి ఆడికి పోనీరా," అన్నాను తమ్ముడి చెవిలో.

"అక్కా, ఊరకుండు. కాఫీ మూడుసార్లు తాగల్లంట. నడుమ లేస్తే బాగుండదు."

రెండో కప్పు చేతిలో ఉండగా చూశాను. వరసలో చివరి ఎద్దు అడుగు నిదానించింది. నేను చుట్టూ చూశాను. తోక కనిపెట్టాల్సిన మనిషి ఎవరో నాకు తెలియదు గాని, ఎక్కడుందో అర్థమైపోయింది. మాకు కాఫీ పోస్తున్న కోడలే అయ్యుండాలి, ఆమె పాదాలకు ఇంకా కళ్లం పొట్టు అంటుకునే ఉంది. మా మర్యాద కోసం కళ్లం వదిలేసి వచ్చారు వాళ్లు! పెద్దాయనేమో అవతలి వైపు మొదటి ఎద్దును అదిలిస్తున్నాడు. చివరి ఎద్దు నడుము వంగింది. తోక మొదలు పక్కకు జరిగింది.

కప్పు కింద పెట్టానో పడేశానో ఇప్పటికీ తెలియదు. చెప్పులు చాప దగ్గరే ఉన్నాయి. చీర కుచ్చిళ్లు దోపుకుని పరుగెత్తాను. అక్కా, అక్కా అని వెనక తమ్ముడు అరుస్తున్నాడు. దారిలో గడ్డి దొరకబుచ్చుకుని, వంగి, దోసిలి పట్టాను. వెచ్చగా, బరువుగా, అచ్చం అలాగే పడింది. ఒక్క గింజ కూడా పాడు కాలేదు!

ఎద్దులు ఆగిపోయాయి. మనుషులు కూడా ఆగిపోయారు. పరాయి దేశం నుంచి వచ్చిన అతిథి, జరీ అంచు చీరలో, రెండు చేతుల నిండా పేడతో వాళ్ల కళ్లం నడుమ నిలబడి ఉంది. తమ్ముడి మొహం చూడాలి అప్పుడు. నాకూ ఒక్క క్షణం భయమేసింది, ఏం తప్పు చేశానోనని. ఇంతలో ఆ పెద్దమ్మ నాలుక ఆడిస్తూ ఇలిలిలి అని ఊరంతా వినపడేలా కూత పెట్టింది. అది వాళ్లకు సంతోషపు కూతట. ఆడవాళ్లంతా అందుకున్నారు. పెద్దమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతుల మీద పోసి, నా మణికట్లు పట్టుకుని, అరచేతులు తిప్పి చూసి కొడుకుతో ఏదో గట్టిగా అంది. ఆ మాస్టరు నవ్వుతూ మాకు ఇంగ్లీషులో చెప్పాడు: ఈమెను చాప మీద ఎవరు కూర్చోబెట్టారని అడుగుతోందట.

పెద్దాయన నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నేను ఆయన్ని చూడటం లేదు, ఆయన చేతిలో పగ్గాన్ని చూస్తున్నాను. అడగడానికి నాకు వాళ్ల భాష రాదు. ఆయన నా చూపు ఎక్కడుందో చూశాడు. పగ్గం నా వైపు చాపాడు. గట్టు మీదున్న ఒక రైతు అడ్డం వచ్చి ఏదో అన్నాడు, మొహం చిట్లించి. పెద్దాయన తల తిప్పకుండానే ఒక మాట అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఏమన్నాడో చెప్పమని నేను మాస్టరు ప్రాణం తీశాను.

"ఆడవాళ్లకు పగ్గమేమిటని ఆయన అడిగాడు. ఎద్దులు వెనక్కి తిరిగి చూడవులే అన్నాడు మా నాన్న," అని చెప్పాడు.

తమ్ముడు దాన్ని తెలుగులో మళ్లీ చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. ఎక్కడి పత్తికొండ, ఎక్కడి ఈ కొండలు! మా అబ్బ నోట్లో మాట ఈయన నోట్లోకి ఎలా వచ్చింది? ఎద్దుల వెనక నడిచేవాళ్లంతా ఎక్కడున్నా ఒకే మాట మాట్లాడుకుంటారేమో. నేను పగ్గం పట్టుకున్నాను. హై! హై! అన్నాను. ఎద్దులకు తెలుగు రాదు, అయినా కదిలాయి!

మోకాళ్లు నొప్పి అని ఇంట్లో మెట్లు ఎక్కనిదాన్ని, ఎన్ని చుట్లు తిరిగానో నాకే తెలియదు. తమ్ముడు ఫోనులో వీడియో తీస్తున్నాడు, అందులో సగం ఆకాశమే పడింది. పెద్దమ్మ గడ్డి పట్టుకుని నా పక్కనే నడిచింది. ఇంకో తోక జరగగానే ఇద్దరం ఒకేసారి చూశాం, ఒకేసారి చెయ్యి చాపి చూపించుకున్నాం. ఆమె నాకన్నా ముందు పరుగెత్తి పట్టేసి, పట్టినా అన్నట్టు దోసిలి పైకెత్తి నాకు చూపించింది. నవ్వలేక కళ్లంలోనే కూలబడ్డాం ఇద్దరం.

భోజనాలకు ఆమే మళ్లీ నా చేతుల మీద నీళ్లు పోసింది. వాళ్లకు ఉపవాసాల రోజులట, పండగ దాకా మాంసం, పాలు ముట్టరట, అంతా పప్పులూ కూరలే. పెద్ద పళ్లెంలో అందరం కలిసి తిన్నాం. మొదటి ముద్ద ఆమే నా నోట్లో పెట్టింది, అది వాళ్ల పద్ధతట. చేతులకున్న పేడ ఎప్పుడో పోయింది. పగ్గం ఒరుసుకుని కుడి అరచేతిలో పడిన ఎర్రటి గీత మాత్రం పోలేదు. విమానంలో చూసుకున్నాను, ఉంది. కర్నూలులో బస్సు దిగాక చూసుకున్నాను, కొంచెం ఉంది. తర్వాత అదీ మాసిపోయింది. అయినా ఇప్పటికీ చేతులు కడుక్కున్న ప్రతిసారీ కుడి అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుంటాను. నువ్వు మాట తప్పలేదబ్బా, అని చెప్పి కొళాయి కట్టేస్తాను.